గుర్తుకాయలతో కట్టిన గది

సాలమోనును ఊళ్ళో 'గారు' అని పిలిచే చోటు ఒక్కటే ఉండేది. అది లైబ్రరీ. తోటల్లో అతడు 'ఒరేయ్ సాలమోనూ', బజార్లో 'ఏరా', చర్చిలో 'సాలమోనన్నా'. రోజుకు నలభై కొబ్బరిచెట్లు ఎక్కి దిగే మనిషి సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వెళితే లైబ్రేరియన్ త్రిమూర్తులు బల్ల దగ్గర నుంచి తలెత్తి, "రండి సాలమోను గారూ, నిన్న మీరు చదివేది పక్కన పెట్టేనండి" అనేవాడు. త్రిమూర్తులు ప్రెసిడెంటునైనా, పాలేరునైనా అలాగే పిలిచేవాడు. ఆ పిలుపు కోసమే వెళ్తున్నావని ఎవరైనా అంటే సాలమోనుకు ఒళ్ళు మండేది. అతడు చదవడానికే వెళ్ళేవాడు. మిషన్ బడిలో ఐదో తరగతితో ఆగిపోయిన చదువును అక్కడ మళ్ళీ పట్టుకున్నాడు. చెట్లకు రాసుకుని అరచేతులు గరుకెక్కిపోయాయి కాబట్టి, చిరుగుతుందేమోనని పేజీని చిటికెన వేలి వెనకవైపుతో తిప్పేవాడు.

ఊరు అంబాజీపేటకు రెండు మైళ్ళు. పేరు ఇక్కడ అనవసరం, అలాంటి ఊళ్ళు కోనసీమలో ఇంకా ఉన్నాయి. 1975లో లైబ్రరీ ఒక పెంకుటింటి వీధిగదిలో అద్దెకుండేది. అద్దె అందక ఇంటివారు ఖాళీ చేయమన్నారు. నిజానికి ఇంటి పన్నుతో పాటు ఊరంతా గ్రంథాలయ పన్ను కడుతూనే ఉంది, ఊరి చివర సాలమోను వాళ్ళ పేటలోని పాకలవాళ్ళతో సహా. ఆ డబ్బు ఏమైందని అడిగితే పంచాయతీ ప్రెసిడెంటు మాణిక్యాలరావు పైవాళ్ళను చూపించేవాడు, పైవాళ్ళు ఆయన్ను చూపించేవాళ్ళు. చివరికి, ఊరు సొంత గది చూపించకపోతే లైబ్రరీ ఎత్తేస్తామని కాగితం వచ్చింది. పెద్ద రైతులంతా సమావేశమయ్యారు. కాఫీలు తాగారు. చదువు గొప్పతనం గురించి ఒకరిని మించి ఒకరు మాట్లాడారు. జేబులో చెయ్యి పెట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

పెట్టింది దింపు కూలీలు. తోటలో కాయలు దింపాక రాశి దగ్గర కూర్చుని లెక్కపెట్టేటప్పుడు, వంద పూర్తవగానే ఒక కాయ తీసి పక్కన పెడతారు. అది గుర్తుకాయ. చివర్లో గుర్తుకాయలు ఎన్నుంటే అన్ని వందలు. లెక్క ముగిశాక ఆ కాయలు కూలీలవి. తాతల నాటి నుంచి అదే మామూలు. వాళ్ళ ఇళ్ళలో కూరకూ, పచ్చడికీ, తలకు నూనెకూ అవే ఆధారం.

"ఆ కాయలు లైబ్రరీకి ఇచ్చేద్దాం. గది లేచేదాకా" అన్నాడు సాలమోను పేటలో.

"కూరలో కొబ్బరి ముక్క లేకుండా చేసి, ఊరికి పుస్తకాలు పెడతావా?" అంది భార్య ఎలీసమ్మ. అన్నదే గానీ, మర్నాడు గుర్తుకాయల గంప నెత్తిన పెట్టుకుని అమ్మడానికి అంబాజీపేట మోసుకెళ్ళింది ఆవిడే.

ఒకటి కాదు, రెండు కాదు, ఏడేళ్ళు మోసింది. పంచాయతీ స్థలంలో ఇటుక మీద ఇటుక లేచింది. మట్టి తొక్కిందీ పేటవాళ్ళే, పెంకు ఎక్కించిందీ పేటవాళ్ళే. 1983లో గది పూర్తయింది. ప్రారంభం రోజు దండలేసుకున్న మనుషులతో అరుగు నిండిపోతే కట్టినవాళ్ళు వీధిలో నిలబడ్డారు. పరదా తీశారు. గోడలో నల్లరాయి. దాని మీద దాత అని మాణిక్యాలరావు తండ్రి పేరు. ఆ ముసలాయన బతికున్నన్నాళ్ళూ లైబ్రరీకి ఒక్క కొబ్బరి పీచు కూడా ఇచ్చిన పాపాన పోలేదు.

సాలమోను ఆ పేరు రెండుసార్లు చదివాడు. ఎలీసమ్మయితే రాయిని గునపంతో పెకలిస్తానంది. "రాయి ఎలాగుంటే మనకెందుకే, తలుపు తెరిచుంటే చాలు" అని తనకూ ఆమెకూ కలిపి నచ్చజెప్పుకున్నాడు. ఆ ఓర్పే అతడు చేసిన తప్పు.

రెండేళ్ళు తిరిగేసరికి ఆ తలుపూ మూతపడింది. శ్రావణమాసం ముసురు పట్టింది. మాణిక్యాలరావు ఎండుకొబ్బరి తడిసిపోతోందని, రెండు రోజులకని చెప్పి బస్తాలు లైబ్రరీలో పెట్టించాడు. రెండు రోజులు రెండు నెలలయ్యాయి. బీరువాలు గోడకు నెట్టేశారు, కుర్చీలు బస్తాల కింద పడ్డాయి. త్రిమూర్తులు పేపరు ఒక్కటీ పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. "నేను ఎన్నిసార్లు అడిగినా రేపు రేపంటున్నారండి, సాలమోను గారూ" అన్నాడొకరోజు. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక ఇక సాలమోను ఓర్చుకోలేకపోయాడు.

మర్నాడు మాణిక్యాలరావు తోటలో దింపు. కూలీలంతా గట్టు మీద కూర్చున్నారు. ఎవరూ కత్తి తీయలేదు.

"ఏరా సాలమోనూ, ఎక్కరేం? లారీ వచ్చేస్తాది" అన్నాడు ప్రెసిడెంటు.

"లైబ్రరీలో బస్తాలు తీయించండి బాబూ. అప్పుడెక్కుతాం."

"గుర్తుకాయలు మీకే వదిలేస్తున్నాను కదరా. గోల మానండి."

"అవెప్పుడూ మావేనండి. మీరిచ్చేదేంటండి?"

లారీ ఖాళీగా వెళ్ళింది. ఐనవిల్లి వైపు నుంచి నలుగురు దింపు కూలీలను పిలిపించారు. వాళ్ళు వచ్చి, సంగతి విని, ఎలీసమ్మ పోసిన టీ తాగి వెళ్ళిపోయారు. మూడు నెలలు పేటలో పొయ్యిలు సరిగా వెలగలేదు. తోటలో మాత్రం ముదిరిన కాయలు వాటంతటవే రాలి, నీటి బోదెల్లో పడి మొలకలెత్తాయి. కూలీల ఆకలికి కదలని మనిషి ఆ మొలకలు చూసి కదిలాడు.

"వచ్చి బస్తాలు తీసెయ్యండ్రా" అని కబురు పెట్టాడు.

"పెట్టించినవారే తీయించుకోవాలండి, మేం ముట్టం" అని తిరుగు కబురు పంపాడు సాలమోను. ప్రెసిడెంటు ఇంట్లో పాలేర్లు ఇద్దరే. పని తెమలక, కండువా నడుముకు చుట్టి, మాణిక్యాలరావు స్వయంగా ఓ చెయ్యి వేశాడు. ఊరంతా చూసింది. ఎవరూ నవ్వలేదు.

గది ఖాళీ అయ్యాక సాలమోను లోపలికి వెళ్ళి, తాను సగంలో ఆపిన పుస్తకం వెతికాడు. బీరువా అడుగున దొరికింది. కొబ్బరినూనె దిగి అట్ట మెత్తబడింది. చివరి నలభై పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. చిటికెన వేలితో విడదీయబోతే చేతికి ముక్కలొచ్చాయి. ఆ ముక్కలు ఏరి అట్టలోనే పెట్టాడు.

మాణిక్యాలరావు గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. "దానికంత ఇదవుతావేరా? కొత్తది కొనిస్తాలే" అన్నాడు.

సాలమోను పుస్తకం మూసి, ఆయన ముందుకు వచ్చాడు.

"వద్దండి బాబూ. దాని మీద కూడా మీ నాన్నగారి పేరే రాయించేస్తారు. ఎల్లుండి దింపుకొస్తాం. గుర్తుకాయలు ఉంటాయి కదండి, మేమే కొనుక్కుంటాం."