ఏడు ముక్కల అంబారీ ఏనుగు

1997లో నన్ను విజయవాడలోని ఒక హస్తకళల ఎగుమతి సంస్థకు సూపరింటెండెంటుగా వేశారు. సెక్షన్లో ఒక కంప్యూటరు, ఒక స్కానరు, కంప్యూటరును ఫోను లైనుకు కలిపే ఒక మోడెం ఉండేవి. హైదరాబాదుకు ఎస్టీడీ కాల్ కలిస్తేనే ఈమెయిలు కదిలేది. కలిసి ఉన్నంతసేపూ మీటరు తిరిగేది.

మా ఈమెయిలు ఖాతాలో అక్షరాలు తప్ప మరేదీ వెళ్ళదు. ఫొటో పంపాలంటే ముందు ఆ ఫైలును అక్షరాలుగా మార్చాలి. దాంతో అది మూడోవంతు పెరుగుతుంది. పెద్దదైతే ముక్కలు చేయాలి. అందుకున్నవారు వాటిని వరసగా అతికి మళ్ళీ ఫొటోగా మార్చుకోవాలి. ఇదంతా నేను గ్రంథాలయంలో పుస్తకం చదివి సొంతంగా నేర్చుకున్నాను. ఆఫీసులో మరెవరికీ రాదన్న గర్వం నాకుండేది.

ఆ ఏడాది జర్మనీలో బొమ్మల దుకాణం నడిపే ఒకావిడ కొండపల్లి అంబారీ ఏనుగు గురించి అడిగింది. ఎవరి బొమ్మ తీసుకునేదీ శుక్రవారానికి తేల్చుకుంటానని రాసింది. ఆ ఏనుగు చేసే బొమ్మల కళాకారుడు సత్యానికి అప్పుడు చేతిలో వేరే పని లేదు. సోమవారం నేను ఫొటో స్కాన్ చేసి, ఏడు ముక్కలుగా, ఏడు ఈమెయిలు ఉత్తరాల్లో పంపేశాను.

బుధవారం జవాబొచ్చింది. ఆవిడా నిమిషాల లెక్కన ఫోను బిల్లు కట్టుకునే మనిషే. నా ఉత్తరాలు దిగడానికి గంట పట్టిందట. ఆవిడ మెయిల్ పెట్టె నిండిపోయి మిగతా వాళ్ళ ఉత్తరాలు వెనక్కి పోయాయట. ఇక ఫొటోలు పంపవద్దని రాసింది.

కబురు తెలుసుకుందామని వచ్చిన సత్యం అంతా విని, "ఏనుగుని ఏడు ముక్కలు చేసి పంపితే ఎవరు తీసుకుంటారండీ?" అన్నాడు.

మా సీనియర్ గుమస్తా జబ్బార్ గారు వన్ టౌన్ మనిషి, పూర్వం టెలెక్సు ఆపరేటరు; ఇక్కడ టైపు చేస్తే అవతలి ఊళ్ళో కాయితం మీద అచ్చయ్యే యంత్రం అది. పంపేముందు ఆవిణ్ణి అడిగారా అన్నారు. లేదన్నాను.

"టెలెక్సులో పొడుగు సందేశమైతే ముందు అడిగేవాళ్ళమండీ. మీట నొక్కేది మనమే గానీ, కాయితం అవతలి వాళ్ళది."

ఆయన స్కేలు తీసి, నమూనాగా మా దగ్గరున్న ఏనుగు ఎత్తు, అంబారీ వెడల్పు కొలిచారు. సత్యాన్ని ఒక్కో రంగూ అడిగారు. ఇంగ్లీషులో క్షమాపణ ఒక వాక్యం, వివరం పది వరసలు రాశారు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఏనుగు మాత్రం ఎదురుగా నిలబడింది. చిన్న ఫొటో ఒకే ఉత్తరంలో పంపగలం, మీకెప్పుడు వీలు అని చివర చేర్చారు.

గురువారం ఆవిడ సమయం చెప్పింది, పెట్టె ఖాళీ చేసి ఉంచుతానంది. తపాలా బిళ్ళంత ఫొటో, నలుపు తెలుపులో పంపాను. రంగులు అప్పటికే జబ్బార్ గారి వరసల్లో వెళ్ళాయి. శుక్రవారం ఆర్డరు సత్యానికి ఖాయమైంది.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా, ఏ ఫైలు పంపాలన్నా ముందు ఒక వరస రాసి అడిగాను. గ్రంథాలయంలోని ఆ పుస్తకం కూడా మళ్ళీ తీసి చూశాను. అందుకునేవారి అనుమతి అడగాలని అందులోనూ ఉంది, పద్ధతి వచ్చేసిందని నేను మూసేసిన పేజీకి తర్వాతి పేజీలో.