నాగశ్రీ అత్త చూసే కొరియా సీరియళ్లు

నాగశ్రీ అత్త కొరియా సీరియళ్లలో ప్రేమ భాగాలు చూడదు. ఒకే గొడుగు కింద ఇద్దరూ నడుస్తున్నా, హీరో మణికట్టు పట్టుకుని ఆపినా వేలితో ముందుకి జరిపేస్తుంది. లారీ గుద్దేసి గతం మరిచిపోయే చోట విసుక్కుంటుంది. ఆమెకి కావలసింది ఒక్కటే. అవమానించిన మనిషి చివరికి, అదే జనం ముందు, మోకాళ్ల మీద పడాలి. ఆ దృశ్యం మూడేసిసార్లు చూస్తుంది. తెలుగు మాటలున్నవి వెతికి ఆమె ఫోనులో పెట్టేది నేనే.

మాది కొత్తపేట దగ్గర పల్లె. అత్త పూతరేకులు వేస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పైన, పల్చటి పిండిలో ముంచిన గుడ్డ ఒక్క లాగు లాగితే రేకు. కొత్త కుండకి రేకు అంటుకుంటుంది. ఏళ్ల తరబడి కాలి నునుపెక్కినదైతేనే చక్కగా ఊడుతుంది. అలాంటి కుండ అత్తకి ఉండేది. నాలుగేళ్ల కిందట, అప్పట్లో అత్త పనిచేసే మిఠాయికొట్టు యజమాని భవానీదేవి, పక్క కొట్టుకి దొంగతనంగా రేకులు ఇస్తోందని అత్తని నిందించి, తోటి ఎనిమిది మంది ఆడవాళ్ల ముందు ఆ కుండని రోకలితో పగలగొట్టింది. ఇచ్చింది వేరే మనిషని తర్వాత తెలిసినా భవానీదేవి తప్పు ఒప్పుకోలేదు.

“ఆ కొరియా పిల్ల పదహారు భాగాలు ఓర్చుకుంది. నేను ఓర్చుకోలేనా?” అంది అత్త నాతో ఒకసారి.

సీరియల్లో ఆ పిల్ల జుట్టు కత్తిరించుకుని, ఖరీదైన కోటు తొడుక్కుని తిరిగొస్తుంది. అత్త మాత్రం దారిలో భవానీదేవి కనిపించినప్పుడల్లా నవ్వి నమస్కారం పెట్టేది. పెరట్లో పాక వేసి, కుండలు తెచ్చి నునుపెక్కేదాకా కాల్చింది. ఆ ఎనిమిది మందినీ ఒక్కొక్కరినే పిలుచుకుంది. ఈ ఏడాదికి అందరూ ఇటే వచ్చేశారు.

కిందటి నెల ఓ మధ్యాహ్నం భవానీదేవి మా వీధిలో ఆటో దిగింది. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి రాజోలులో పెళ్లి. వెయ్యి పూతరేకులకి ఒప్పుకుందట, కొట్టులో వేసే మనిషి లేదు.

“పాతవి మనసులో పెట్టుకోకే, నాగశ్రీ.”

“ఆయ్, లేదండి. రేకులు ఇస్తానండి. ముందు మీరొక్కటి వేసి చూపించండి.”

పాకలో చేతులన్నీ ఆగాయి. భవానీదేవి పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని కుండ ముందు చతికిలబడింది. మొదటిది చిల్లులు పడింది. రెండోది మాడింది. మూడోదానికి వేళ్లు కాలాయి.

“రోకలి ఎత్తడం తేలికండి, భవానీగారూ. ఇంకోటి వెయ్యండి,” అంది అత్త, విసనకర్రతో ఆమెకే విసురుతూ. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఏడో రేకు చిరిగాక భవానీదేవి తల వంచుకుని తప్పయిపోయిందంది.

“నాకు కాదండి. నేను దొంగని కానని వీళ్లకి చెప్పండి.”

ఎనిమిది మంది వైపూ తిరిగి చెప్పింది. పొగకో, మరెందుకో కళ్లు తుడుచుకుంది. అత్త ఆమెని చెయ్యిపట్టి లేవదీసి, మంచినీళ్లిచ్చి, ఆటోదాకా సాగనంపింది.

“మాటిచ్చేను కదండి, రేకులు తప్పకుండా పంపుతాను,” అంది. “రేపు సాయంత్రానికి.”