తెల్ల చొక్కా మీద అయిదు వేళ్లు

నా చిన్నప్పుడు మా ఉద్దానంలో జీడిపండ్ల కాలం వచ్చిందంటే ఊరంతా ఒకటే వాసన. తీపీ పులుపూ కలిసి కొంచెం మత్తుగా ఉండేది. పిక్క తీసుకుని పండు పారేసేవాళ్లం కాబట్టి చెట్ల కింద పండ్లు కుళ్లి ఈగలు ముసిరేవి. మా ముక్కులకు ఆ వాసన ఎంత అలవాటంటే, రసం చేతికి అంటినా వేరుగా తెలిసేది కాదు. ఆ సంగతి మా అత్త బాగా కనిపెట్టింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. టెక్కలిలో పశువుల ఆసుపత్రిలో అటెండరు. పొద్దున్న బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు వచ్చేది. ఆసుపత్రి దగ్గర్లో ఎవరో దయగలవాళ్లు వీధికుక్కల కోసం ఒక రేకుల షెడ్డు నడిపేవారు. నేను అయిదో తరగతిలో ఉండగా, ఒంటిపూట బడులు మొదలైన వారమే, అత్త బస్సులో కాకుండా ఆటోలో దిగింది. చేతిలో గోనెసంచి పరిచిన పెద్ద బుట్ట. అందులో ఎముకలు తేలిన ఒక గోధుమరంగు తల్లికుక్క, దాని పొట్టకు కరుచుకుని మూడు పిల్లలు. నాలుగోది ఆ పొద్దున్నే పోయిందట. నెత్తురు విరేచనాలు, వాంతులు, అంటుజబ్బు. షెడ్డులో ఉంచితే మిగతా కుక్కలన్నిటికీ పాకుతుందని, వేరే చోటు లేక మా ఇంటికి తెచ్చేసింది.

"కుక్కల్ని తెచ్చినావు, రేపు పాముల్ని తెత్తావేటే?" అని నాయనమ్మ గొణిగింది. కానీ అన్నాల ముందు అత్త కళ్లు మూసుకుని ఆ కుక్కల కోసం కూడా ప్రార్థన చేస్తే, ఆమెన్ మాత్రం అందరికన్నా గట్టిగా ఆవిడే అంది.

తోటలో మేము జీడిపిక్కలు నిల్వచేసే పాక ఒకటి ఉండేది. దాన్ని ఖాళీచేసి కుక్కల్ని అక్కడ పెట్టారు. తలుపుకు గడియ లేదు, కొబ్బరితాడు కట్టేవాళ్లం. అత్త ఒక్కర్తే లోపలికి వెళ్లాలి. గుమ్మం ముందు పళ్లెంలో బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు, అందులో కాళ్లు ముంచి రావాలి. ఆ చీర వేరు, ఆ చెప్పులు వేరు, ఆ గిన్నె వేరు. ఉప్పూ పంచదారా కలిపిన కాచిన నీళ్లను ఇంకు ఫిల్లరుతో ఒక్కొక్క చుక్కే పిల్లల నోట్లో వేసేది. తాటాకు దడి సందులోంచి నేను చూస్తూ నిలబడేదాన్ని.

నాకు అప్పట్లో ప్రశ్నల పిచ్చి. ఆ జబ్బు ఎంత ఉంటుంది? చీమంత ఉంటుందా? ఎగురుతుందా, పాకుతుందా? నీళ్లలో వేస్తే ఈదుతుందా? అత్త ఓపిగ్గా, "కంటికి ఆనదే. సేతులకీ కాళ్లకీ అంటుకుని ఇంకో సోటికి దానంతట అదే పోతాది" అనేది. నాకు అది అస్సలు నచ్చలేదు. కంటికి ఆనని దానికి ఇంత హడావుడి ఏమిటి? పెద్దవాళ్లు బూచిని చూపించి అన్నం తినిపించినట్టే, ఇదీ నన్ను పాకలోకి రానివ్వకుండా ఉండటానికి కల్పించిన కథ అనుకున్నాను. సరే, నిజమో కాదో చూద్దామనుకున్నాను.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి అత్త టెక్కలిలో ఉండేది, నాయనమ్మ కునుకు తీసేది. మంగళవారం మొదటిసారి తాడు విప్పి లోపలికి వెళ్లాను. తల్లికుక్క తల ఎత్తలేదు, కళ్లు మాత్రం నా వెంట తిప్పింది. ముందుకాళ్లు తెల్లగా ఉన్న పిల్లను ఒళ్లో పెట్టుకున్నాను. దాని పొట్ట వేడిగా ఉంది. సాయంత్రం దాకా నాకేమైనా అవుతుందేమోనని ఒళ్లంతా చూసుకున్నాను. ఏమీ కాలేదు. ఇంకేముంది, అత్త అబద్ధం ఆడిందని తేలిపోయింది. బుధవారం వెళ్లాను, గురువారం వెళ్లాను.

పాక లోంచి వచ్చాక తిన్నగా పక్కతోట తాతయ్య దగ్గరికి వెళ్లేదాన్ని. ఆయనకు చూపు ఆనేది కాదు. ఏళ్ల తరబడి ఆయనకు ముందు నడిచిన ముసలికుక్క కిందటేడు పోయింది. ఇప్పుడు దాని చోట ఒక కుక్కపిల్లను పెంచుతున్నాడు. చెట్ల మధ్య దారి చూపుతూ తన ముందు నడవడం దానికి తానే నేర్పుకుంటున్నాడు. తన తెల్ల తువ్వాలులో దాన్ని చుట్టి నా చేతికిచ్చి కబుర్లు చెప్పేవాడు. ఆ రోజుల్లో మా వైపు కుక్కలకు టీకాలు వేయించడం ఎవరికి తెలుసు గనక.

శుక్రవారం తాడు కొంచెం తడిగా, జిగురుగా అనిపించింది. అత్త కడిగిందేమోలే అనుకుని చేయి చొక్కాకు గట్టిగా అద్దుకున్నాను.

జీడిపండు రసం సంగతి మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బట్ట మీద పడినప్పుడు నీళ్లలాగే ఉంటుంది. ఉతికినా ఉతక్కపోయినా, ఆరాక తుప్పు మరకలా తేలుతుంది. ఇక ఆ బట్ట చిరిగేదాకా అది పోదు. తెలిసి కూడా నాకు తట్టలేదు. శనివారం సాయంత్రం నాయనమ్మ నా బడి బట్టలు ఉతికి ఆరేసింది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి తీగ మీద నా తెల్ల చొక్కా, దాని పొట్ట మీద గోధుమరంగులో అయిదు చిన్న వేళ్లు.

అత్త తిట్టలేదు. చొక్కా మంచం మీద పరిచి, నా చేయి పట్టుకుని ఆ మరకల మీద పెట్టింది. వేలుకు వేలు సరిపోయింది. తాడు ముడి రోజూ మారుతోందని గురువారమే కనిపెట్టిందట. అడిగితే నేను కాదంటానని తెలుసు. అందుకే తెల్లారగానే నాలుగు పండ్లు ఆ తాడుకు పిండింది. "శుక్రవారం నీ సేతికేటైనా ఆనిందా? నేదు కదా. మూడో రోజుకి తేలింది. జబ్బు కూడా అంతే" అంది. అప్పుడు నాకు సిగ్గుకన్నా ఆశ్చర్యమే ఎక్కువ వేసింది. నా చేయి ఇంకా ఎక్కడెక్కడికి వెళ్లిందో చూద్దామని ఇద్దరం ఇల్లంతా వెతికాం. తలగడ గలీబు మీద ఒకటి. నోటుపుస్తకం అట్ట మీద రెండు. నాయనమ్మ తెల్లచీర కొంగు మీద బొటనవేలు. దొరికినప్పుడల్లా దాగుడుమూతల్లో ఎవరినో పట్టుకున్నట్టు నేను ఎగిరేదాన్ని, అత్త కూడా నవ్వేది.

"ఇంకా ఏటి ముట్టుకున్నావే గుంటా?" అని అడిగింది.

నేను వేళ్లు మడుస్తూ చెబుతున్నాను. కుండ మూత, దువ్వెన, బడి సంచీ. అక్కడ ఆగిపోయాను. నాకు తాతయ్య తువ్వాలు గుర్తొచ్చింది, తువ్వాలులో ఉన్నది గుర్తొచ్చింది. ఆ మాట చెప్పగానే అత్త నవ్వు ఎగిరిపోయింది. మంచం మీద కూలబడింది. "గురువారమే నిన్ను కూకోబెట్టి అడగాల్సింది. నీకు నేర్పుదామని మూడు రోజులు ఊరుకున్నానే" అంది. పెద్దవాళ్లు తప్పు చేశామని పిల్లల ముందు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. దాని వెనకాలే ఒక భయం వచ్చింది, తాతయ్యకు చెప్పాలి. అత్త చెబుతుందేమోనని చూశాను. ఆమె నా చేయి పట్టుకుని కంచె దాకా వచ్చింది, అక్కడ చేయి వదిలేసింది.

తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన తువ్వాలు భుజం మీద ఉంది, దాని మీద నా వేళ్లున్నాయి. తోటలో బతికేవాడి తువ్వాలుకు జీడిమరకలు కొత్త కాదు, ఆయన పట్టించుకోలేదు. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. అది నాకు ఆ క్షణంలో చాలా స్పష్టంగా తెలిసింది. గబగబా అంతా చెప్పేశాను. ఆయన తువ్వాలు తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఎవులివి ఈ ఏళ్లు?" అన్నాడు.

"నావే తాతా" అన్నాను.

ఆయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, పిల్ల పొద్దుటి నుంచి పాలు ముట్టలేదని, ఎండదెబ్బ అనుకుంటున్నానని మెల్లగా చెప్పాడు. అత్త వెంటనే దాన్ని పాకలోకి తీసుకెళ్లింది. ఆ రాత్రే దానికి వాంతులు మొదలయ్యాయి.

అత్త నాలుగు రోజులు సెలవు పెట్టింది. గుమ్మం బయట నీళ్లు కాచి అందించడం, బ్లీచింగ్ నీళ్లు మార్చడం నాకు అప్పగించింది. ఇక ప్రశ్నలన్నీ అక్కడి నుంచే అడిగేదాన్ని, ఒక్క అడుగు లోపల పెట్టలేదు. తెల్లకాళ్ల పిల్ల రెండో రోజున పోయింది. నేను ఒళ్లో పెట్టుకున్నది అదే. తాతయ్య రోజూ పొద్దున్నే కంచె దగ్గరికి వచ్చి నిలబడేవాడు. అయిదో రోజు పొద్దున్న ఆయన దగ్గినట్టున్నాడు, ఆ చప్పుడుకు పాకలోంచి సన్నగా ఆయన పిల్ల అరుపు వినిపించింది. తాతయ్య కంచె పట్టుకుని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

"బేగి సెప్పినావు కాబట్టి బతికింది" అన్నాడు ఆయన నాతో. ఇంకో పూట ఆలస్యమైతే చేతులు దాటిపోయేదని అత్త కూడా అంది. తల్లికుక్క, మిగిలిన రెండు పిల్లలు కోలుకుని మా తోటలోనే ఉండిపోయాయి. అత్త ఆ తువ్వాలును సలసల కాగే నీళ్లలో ఉడకబెట్టి ఇచ్చింది. జబ్బు పోయింది గానీ మరక పోలేదు. తాతయ్య ఉన్నన్నాళ్లూ దాన్నే భుజాన వేసుకుని, కనిపించిన వాళ్లందరికీ "ఇది మా మనవరాలి సంతకం" అని నన్ను ఉడికించేవాడు.

ఆ చొక్కా నా ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది. ఇప్పుడు నా పెద్ద వేళ్లు ఆ మరకల మీద పెడితే చుట్టూ బయటికి వచ్చేస్తాయి. ఈ మధ్య బట్టలు సర్దుతుంటే మా అమ్మాయి దాన్ని తీసి, తన వేళ్లు ఆనించి చూసింది. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

"అమ్మా, ఇవి ఎవరి వేళ్లు?" అంది.

ఆ ప్రశ్నకు ఆలస్యం చేయకూడదని నాకు బాగా తెలుసు. నావే అన్నాను.