మా ఇంటి వెనక మట్టికోట

వర్జీనియాలో మేం ఇల్లు కొన్న కొత్తల్లో, వెనకున్న గడ్డిదిబ్బ బిల్డర్ ఎత్తించకుండా వదిలేసిన మట్టేననుకున్నాను. పక్కింటాయన నా అజ్ఞానానికి నొచ్చుకుని దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. ఆయన ఒంటరివాడు, రిటైరైన హిస్టరీ టీచరు, నల్లజాతివాడు. అది అంతర్యుద్ధం నాటి కోట అన్నాడు. నాకు కోటంటే రాయి, బురుజు. ఇది నడుమెత్తు గట్టు, దాని ముందు పూడిపోయిన కందకం.

"ఇటుక కోటలు కొత్త ఫిరంగుల దెబ్బకి పెంకుల్లా పగిలిపోయాయి. మట్టి అలా కాదు, గుండుని మింగేస్తుంది. పడిన గుంతని మళ్ళీ పారతో పూడ్చుకుంటే సరి," అన్నాడాయన.

ఆ పార పట్టింది ఎక్కువగా బానిసలు. తన ముత్తాత తండ్రితో కూడా ఇలాంటి గట్టే తవ్వించారట. ఆ గట్టు ఎక్కడుందో వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. అందుకని ఈయన దీన్నే కాపాడుకుంటున్నాడు. గట్టు మీద గడ్డి ఉన్నంతకాలం భయం లేదనీ, అది లేచిపోతే ఒక్క వానాకాలం చాలనీ చెప్పాడు. ఫిరంగులకు లొంగనిది వానకు లొంగుతుందట.

నేను ఆయన శిష్యుణ్ణైపోయాను. గట్టెక్కిన పిల్లల్ని కేకలేసి దించేవాణ్ణి. వాళ్ళు నాకు 'ఫోర్ట్ అంకుల్' అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు గొప్పగానే ఉండేది.

ఆ ఏడు వినాయక చవితికి కాలనీలోని తెలుగువాళ్ళం మట్టి విగ్రహాలే చేద్దామనుకున్నాం. క్రాఫ్ట్ స్టోర్‌లో ప్యాకెట్ మట్టి ఉంది. ఎదురింటావిడ ఒప్పుకోలేదు.

"ప్యాకెట్ మట్టికి పూజేంటండీ? మనం ఉంటున్న నేలలోది తెచ్చుకుంటే బెటర్ కదా! మీకు ఇక్కడ అంతా తెలుసు, మంచి మట్టెక్కడుందో మీరే చెప్పండి," అంది నాతో.

మా పెరళ్ళలో ఉన్నదంతా బిల్డర్ పోయించిన ఇసుక నేల. మంచి బంకమట్టి గట్టులోనే ఉందని నాకు తెలుసు. నలుగురూ నన్నడిగేసరికి ఉబ్బిపోయాను. "గట్టుకి వెనకవైపు, తలా ఒక బకెట్టే," అన్నాను. ఆదివారం, ఆయన చర్చికి వెళ్ళే వేళ చూసి మరీ రమ్మన్నాను. మొదట గడ్డి చెక్కింది నేనే. కంచే చేను మేయడమంటే ఇదే. విగ్రహాలు మాత్రం ముద్దొచ్చేలా కుదిరాయి. మూడోరోజు ప్లాస్టిక్ టబ్బుల్లో నిమజ్జనం చేసి, ఆ నీళ్ళు గులాబీలకు పోసుకున్నాం.

తర్వాత వానలు పట్టుకున్నాయి. క్రిస్మస్ నాటికి తవ్విన చోట గండి పడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక సంచులు పేర్చాడు. నేను సంచుల మూతులు తెరిచి పట్టుకున్నాను. "ఎవరు చేశారో," అన్నాడొకసారి. నేను ఇంకో సంచి మూతి తెరిచాను.

వసంతంలో ఓ ఇళ్ళ కంపెనీ ఆ దిబ్బను చదును చేస్తామని పర్మిషన్‌కి పెట్టింది. హియరింగ్‌కి కోట తరఫున వెళ్ళింది మేమిద్దరమే. కంపెనీవాళ్ళు తెర మీద మా గండి ఫోటో వేశారు. కోట దానంతటదే కరిగిపోతోందన్నారు. హియరింగ్ జరుపుతున్న బోర్డు అధ్యక్షురాలు మమ్మల్ని సూటిగా అడిగింది.

"ఇది ఎవరైనా తవ్వారా, వానకే పోయిందా? తవ్విందైతే పూడ్పించి కాపాడొచ్చు. వానకే పోతోందంటే మేమేం చేయలేం."

తాను ఆదివారాలు చర్చికి వెళ్తాననీ, ఇంటిపట్టునే ఉండే నాకైతే తెలుస్తుందనీ ఆయన నావైపు చూశాడు. మైకు ముందు నిలబడ్డాను. తవ్వామని ఒక్క మాట అంటే చాలు. ఆయన ముఖం చూస్తూ అనలేకపోయాను. పిరికివాణ్ణి.

"వానే," అన్నాను.

బుల్డోజరు రెండు పూటల్లో పని ముగించింది. ఇప్పుడక్కడ వరసగా ఇళ్ళు. ఆయనింకా పక్కింట్లోనే ఉన్నాడు. నా సాయం మరచిపోనంటూ తన తోటలో కాసిన టమాటాలు తెచ్చిస్తుంటాడు. వాన పడినప్పుడల్లా నన్ను వరండాలోకి పిలిచి, కుర్చీ వేసి, ఆ వానను తిడతాడు. నేను పక్కన కూర్చుని ఊఁ కొడతాను.