పక్షులకు ఎంత అక్షరం?

ఆయన ఉన్నన్నాళ్లూ ఆ గ్రంథాలయంలో అందరూ ఆయన్ని కంప్యూటరాయన అనే పిలిచారు. పుస్తకాల పెత్తనం భార్యది, వెబ్‌సైటు పని ఈయనది. ఇంట్లో పెత్తనం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఒకసారి కార్యదర్శి వచ్చి, ఎవరూ ముట్టని అరలన్నీ స్టోర్ రూములోకి పోవాలన్నాడు. వాటిలో మొదటిది పక్షుల అర. ఆవిడ ప్రాణమంతా దాని మీదే. కిటికీ పక్కన, ఆవిడ కుర్చీకి చెయ్యందేంత దూరంలో ఉండేది.

ఆ రోజుల్లోనే ఆయన వెబ్‌సైటుకి ట్యాగుల మేఘం కడుతున్నాడు. ప్రతి పుస్తకానికీ ఆవిడ తగిలించిన విషయాల పేర్లన్నీ మొదటి పేజీలో గుంపుగా కనబడాలి. ఎక్కువ పుస్తకాలున్న విషయం పెద్ద అక్షరాల్లో, తక్కువున్నది చిన్న అక్షరాల్లో. మాట నొక్కితే ఆ పుస్తకాలు తెర మీదికొస్తాయి. ఏ ట్యాగుకి ఎన్ని పుస్తకాలున్నాయో చెప్పమని డేటాబేసుకి క్వెరీ రాశాడు. నవలలు ఏనుగంత వచ్చాయి. పక్షులు చీమ తలకాయంత.

“కళ్లజోడు పెట్టుకున్నా కనబడట్లేదండీ,” అంది ఆవిడ, ఆయన భుజం మీంచి వంగి. “అరలో ఉన్నవి కాదు, జనం ఇంటికి పట్టుకెళ్లినవి లెక్కపెట్టండి.”

అదీ నిజమే అనిపించింది. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకున్న పట్టికను క్వెరీకి జత చేశాడు. పక్షులు నవలల పక్కన దర్జాగా కూర్చున్నాయి. ఆవిడ మొహం చాటంతైంది. ఈయనకే మనసొప్పక, పట్టుకెళ్లిందెవరో చూశాడు.

“ఏమోయ్, ఈ కార్డు నీదే కదూ? ఇన్నిసార్లా?”

“నేను మనిషిని కానా? చదివితే లెక్కలోకి రానా?”

“వస్తావు. ఒక్కసారే వస్తావు.”

ఒక్కో పాఠకుణ్ణి ఒక్కసారే లెక్కించేలా క్వెరీ మార్చాడు. పక్షులు మళ్లీ చీమ తలకాయంతయ్యాయి. ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ వచ్చింది గానీ అందులో పంచదార రాలేదు.

మర్నాడు ఇంకొక్క పని చేశాడు. ఏ మాటైనా సరే, చదవగలిగే సైజు కంటే తగ్గకూడదని ఒక హద్దు పెట్టాడు.

“జాలిపడి పెంచలేదు. అన్నిటికీ ఇదే లెక్క. కనబడాలి కదా,” అన్నాడు.

కనబడ్డాక జనం నొక్కారు. నొక్కినవాళ్లు వచ్చి అడిగారు. వీధి చివరి టైలరు వడ్రంగిపిట్టల పుస్తకం పట్టుకెళ్లాడు, అతని అత్తగారు గుడ్లగూబలది. కార్యదర్శి ఆ అర ఊసెత్తడం మానేశాడు. పిచ్చుకల పుస్తకం చంకలో పెట్టుకుని ఏ మొహంతో ఎత్తుతాడు?

ఆవిడ మాత్రం ఖాళీ అయిన అర చూసి గొణిగింది.

“నీటికోళ్ల పుస్తకం ఎప్పుడొస్తుందండీ?”

“నీకంటే ముందు ముగ్గురున్నారు,” అన్నాడాయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా, మీసాల్లో నవ్వుకుంటూ.