చిక్కం పట్టిన చేయి

2023 వేసవి. నూజివీడు బస్టాండు రోడ్డులో మా వాచీల కొట్టు. ఇరవై ఏళ్లుగా స్టీలు బ్రేస్‌లెట్లు ఎన్ని సరిచేశానో లెక్కలేదు. బ్రేస్‌లెట్ అంటే లింకులు కలిపిన గొలుసు. లావు చేతికి ఒక లింకు చేరుస్తాం, సన్న చేతికి ఒకటి తీస్తాం. ఇందులో ఏముంది అనుకునేవాణ్ణి. ఆ గర్వం దించినవారు రెడ్డిగూడెం జోజయ్యగారు.

ఆయనది మామిడి తోట. భార్య మరియమ్మగారు టీచరు. ఆ ఏడాదే రిటైరై, భర్తకు విజయవాడలో ఒక స్విస్ వాచీ కొన్నారు. బీరువాలో దాస్తే ఊరుకోను, రోజూ పెట్టుకోవాలి అన్నది ఆవిడ షరతు.

"కాస్త బిగుతుగా ఉందండీ" అంటూ ఆయన మొదటిసారి వచ్చారు. చేయి కౌంటరు మీద పెట్టించి చూశాను. గొలుసు కింద చిటికెన వేలు దూరుతోంది. మా కొలత అదే.

"సరిగ్గానే ఉందండీ. కొత్త కదా, అలవాటవుతుంది" అని పంపించేశాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు. క్లాస్ప్‌లో, అంటే గొలుసు మూసుకునే చోట, సన్నటి రంధ్రాలుంటాయి. లోపలి పిన్నును ఒక రంధ్రం జరిపితే పొడవు రవ్వంత మారుతుంది. ఈసారి అది జరిపి కాస్త వదులు చేసి, ఇక తిరుగులేదనుకున్నాను.

మూడోసారి మరియమ్మగారు కూడా వచ్చారు. ఆవిడకు కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"షోరూం వాళ్లు వెనక్కి తీసుకుంటారేమో అడుగుదామనుకుంటున్నానండీ. ఈయనకి నచ్చలేదు."

"నచ్చలేదని నేనెప్పుడన్నాను?" అన్నారు జోజయ్యగారు.

"మరి తోటకెళ్లిన కాసేపటికే తీసి జేబులో వేసుకుంటున్నారేంటి? ఇంట్లో ఉన్నంతసేపూ బానే ఉంటుందిగా?"

అప్పుడు వెలిగింది నాకు. "తోటలో ఈ చేత్తో ఏం చేస్తారండీ?" అని అడిగాను.

"ఏముందండీ, చిక్కం పడతాను."

చిక్కమంటే కాయలు కోసే పొడుగు గెడ, దాని కొసన వల సంచి. షట్టరు లాగే ఇనప ఊచ ఆయన చేతికిచ్చి, కాయ కోస్తున్నట్టు పట్టుకోమన్నాను. ఊచ పైకెత్తి పిడికిలి బిగించారు. మణికట్టు ఉబ్బి గొలుసు కండలోకి దిగింది. వాచీ తీస్తే లింకుల అచ్చు ఎర్రగా పడి ఉంది. దాని పక్కనే పాతవి, కమిలిన మచ్చలు. నాకు సిగ్గేసింది. రెండుసార్లూ ఊరికే ఉన్న చేతిని కొలిచి, పనిచేసే చేతికి అలవాటవుతుందని నీతులు చెప్పాను.

మరియమ్మగారు ఆ మచ్చల వంకే చూస్తున్నారు. "ఇంత నొప్పి ఉంటే చెప్పరేంటండీ?"

"చెబితే వెనక్కిచ్చేస్తావుగా" అన్నారాయన.

ఒక లింకు చేర్చి, మరీ వదులు కాకుండా పిన్ను రెండు రంధ్రాలు లోపలికి జరిపి, మళ్లీ ఊచ పట్టించాను. ఈసారి గొలుసు కండను నొక్కలేదు. చేయి దించితే కాస్త జారింది. జారనివ్వండి అన్నాను.

అప్పటినుంచి ఎవరొచ్చినా ముందు ఏం పని చేస్తారని అడిగి, ఊచ పట్టించి గానీ పిన్ను ముట్టుకోను. నవ్వేవాళ్లు నవ్వుతారు.

మరుసటి వేసవి దాటాక ఆ దంపతులు వాచీ శుభ్రం చేయించడానికి తెచ్చారు. లింకుల సందుల్లో మామిడి సొన నల్లగా గట్టిపడి ఉంది.

"ఎంత ఖరీదు వాచీ, ఏం చేశారో చూడండి" అని మరియమ్మగారు విసుక్కున్నారు. విసుక్కుంటూనే కొట్లో ఉన్న వాళ్లందరికీ చూపించారు.