ఎండాకాలంలో ఉన్ని శాలువా

నా చేతులారా ఒకావిడకి జరిపించిన సన్మానం ఎంత ఘోరంగా ముగిసిందో చెబుతాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. ఆవిడ ఆ పని ముందే చేసేసింది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. బందరులో ఓ కరెంటు పొదుపు సంఘానికి కార్యదర్శిని. అంటే కుర్చీలు వేయించడం, మైకు సరిచూడడం నా పని. భూగోళాన్ని చల్లబరుస్తున్నది నేనేనని మాత్రం గట్టి నమ్మకం. ఊరి చివర రేవు పేట గిలకలదిండిలో ఇల్లిల్లూ తిరిగి బిల్లులు చూస్తుంటే, చేపలమ్మే బంగారమ్మగారి బిల్లు దగ్గర కళ్ళు తిరిగాయి. అంత తక్కువ! ఆ కాసిని యూనిట్లు మా ఇంట్లో ఒక్క ఫ్రిజ్జే మింగేస్తుంది.

"పిన్నిగారూ, పొదుపులో మీరే ఫస్టు! మీకు బహుమతి!" అన్నాను గుమ్మంలోంచే.

"ఫ్యానా బాబూ?" అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. మా కరపత్రం మీద తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాను బొమ్మ ఉంది లెండి.

"అంతకంటే గొప్పది!"

అప్పుడైనా లోపలికి తొంగిచూసి ఉంటే నా పరువు దక్కేది.

మే నెల, మిట్టమధ్యాహ్నం, షామియానా. ముఖ్య అతిథి రొయ్యల చెరువుల ఆసామి. మైకు పుచ్చుకుని, "మా ఇంట్లోనూ పొదుపేనండీ! ఆరు గదుల్లోనూ ఫైవ్ స్టార్ ఏసీలే. పదహారులో పెట్టుకుని రగ్గు కప్పుకుంటే స్వర్గమేనండీ!" అన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

తర్వాత బంగారమ్మగారికి ఉన్ని శాలువా కప్పి, చేతిలో లామినేషన్ చేయించిన ప్రశంసాపత్రం పెట్టాం. ఆవిడ మెడ మీద చెమట కాలువ కట్టింది.

"ఫ్యానేది బాబూ?"

"ఇంత పొదుపు ఎలా చేశారో రెండు ముక్కలు చెప్పండి పిన్నిగారూ!"

చెప్పింది. మైకులోనే చెప్పింది.

"పొదుపా, నా మొహమా! ఉన్న ఒక్క ఫ్యానూ ఉగాదికే కాలిపోయింది. ఇల్లుగలాయన్ని అడిగితే, గాలి నీకేగా, నువ్వే వేయించుకో అంటాడు. కంటి మీద కునుకు లేదు. నువ్వేదో ఫ్యానిస్తావని ఇవాళ రేవులో చేపల వేలంపాట కూడా మానుకొని వచ్చాను. ఈ ఎండలో ఉన్ని కప్పుతావా? బుద్ధుందా నీకు?"

జనం ఒకటే నవ్వు. నాకు స్టేజీ కింద దూరిపోదామనిపించింది. ఆవిడ శాలువా తీసి ముఖ్య అతిథి ఒళ్ళో పెట్టింది. "మీ గదుల్లో చలంటగా అయ్యగారూ, మీరుంచుకోండి" అంది. ప్రశంసాపత్రం మాత్రం తిరిగివ్వలేదు. దాంతోనే విసురుకుంటూ మెట్లు దిగింది.

సిగ్గుతో ఆ సాయంత్రమే నా గదిలో ఫ్యాను విప్పించి, ఆవిడ ఇంట్లో బిగించి వచ్చాను. మరుసటి నెల ఆవిడ బిల్లు పెరిగింది. ఆదర్శం చెడిపోయిందని సంఘం పెద్దలు తెగ నొచ్చుకున్నారు. ఆమె బదులు, ఫ్యాను లేకుండా బతుకుతున్న నన్ను సన్మానిస్తామన్నారు. శాలువా కూడా కొనేశారట.

కాబట్టి పాఠక మహాశయులారా, కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇంటి కప్పు వైపు చూడకుండా ఇక ఎవరి బిల్లునీ మెచ్చుకోను.